డాక్టర్ ష్వైట్జర్‌ను ఆర్గాన్ కచేరీతోనే ఎందుకు తలుచుకుంటారు?

మీరు అడిగినవి రెండు. ఆఫ్రికా అడవిలో ఆసుపత్రి పెట్టిన ఆల్బర్ట్ ష్వైట్జర్ పేరిట ఎప్పుడు చూసినా పైప్ ఆర్గాన్ (గొట్టాల్లోకి గాలి పంపి, చేతులతోనూ కాళ్లతోనూ వాయించే పెద్ద చర్చి వాద్యం) కచేరీలే ఎందుకు పెడతారు? మూగజీవాల మీద ఆయనకున్న దయకూ ఆ సంగీతానికీ పొత్తేమిటి? చదువు కోసం ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్నప్పుడు అలాంటి కచేరీ ఒకదానిలో నేనూ ఓ చెయ్యి వేశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తాను.

మొదటిదానికి జవాబు సులువు. ఆర్గాన్ ఆయనకు కాలక్షేపం కాదు, ఆసుపత్రి నడవడానికి దాని సంపాదన కూడా ఆసరా అయింది. 1875 జనవరి 14న ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న అల్సాస్ ప్రాంతంలోని కైజర్స్‌బెర్గ్‌లో పుట్టి గున్స్‌బాక్ అనే పల్లెలో పెరిగారు. తండ్రి పాస్టరు. తొమ్మిదేళ్లకే చర్చి ఆర్గాన్ ముందు కూర్చున్నారు, పద్దెనిమిదేళ్లకు పారిస్‌లో విదోర్ అనే ఆర్గాన్ విద్వాంసుడికి శిష్యుడయ్యారు, 1905లో జర్మన్ స్వరకర్త బాఖ్ మీద పుస్తకం తెచ్చారు. ముప్పై ఏళ్ల వయసులో వైద్యం చదవడం మొదలుపెట్టి, 1913లో భార్య హెలెన్‌తో కలిసి ఇప్పటి గాబన్ దేశంలోని లాంబరేనే చేరారు. చేతిలో ఉన్నదల్లా కచేరీల డబ్బు, బాఖ్ పుస్తకం మీద వచ్చింది, తెలిసినవాళ్లిచ్చిన చందాలు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యేసరికి అప్పులు మిగిలాయి. వాటిని తీర్చడానికి 1920లో స్వీడన్‌లో ఉపన్యాసాలూ కచేరీలూ ఇచ్చారు.

అడవికి వెళ్లేటప్పుడు పారిస్‌లోని బాఖ్ సొసైటీ వాళ్లు తేమకు చెడిపోని పియానో ఒకటి ప్రత్యేకంగా చేయించి ఇచ్చారు, ఆర్గాన్‌కున్నట్టు దానికి కాలి పెడల్స్ కూడా పెట్టి. రోజంతా రోగుల్ని చూసి, రాత్రి దాని మీద సాధన చేసేవారు. 1917లో యుద్ధఖైదీగా ఫ్రాన్స్ శిబిరంలో ఉన్నప్పుడు అదీ లేదు. బల్ల మీద వేళ్లు, నేల మీద కాళ్లు ఆడిస్తూ సాధన చేశారు. మన వీణ మేష్టార్లు కొందరు బస్సులో కూర్చుని తొడ మీద వాయించుకోవడం చూశాను గానీ, పెడల్స్‌తో సహా ఆర్గాన్‌ని గాలిలో వాయించడం నా ఊహకు అందదు.

ఇక నా సంగతి. స్ట్రాస్‌బర్గ్‌కు దగ్గర్లోని ఓ చిన్న ఊరి చర్చిలో ఆ కచేరీ జరిగింది. వాయించే ఆవిడ మా యూనివర్సిటీ లైబ్రరీలో పని చేసేది. పక్కన నిలబడి పేజీలు తిప్పడానికి, స్టాప్‌లు లాగడానికి మనిషి కావాలంటే సరేనన్నాను. స్టాప్ అంటే చెక్క గుబ్బ. ఒక్కోటి లాగితే ఒక్కో వరస గొట్టాలకు గాలి వెళ్తుంది. చూడ్డానికి చిన్నదే గానీ గట్టిగా లాగాలి, క్షణం ఆలస్యమైతే సభంతటికీ తెలిసిపోతుంది. ఆ టెన్షన్‌లో మొదటి అరగంట సంగీతం నా చెవికి ఎక్కనే లేదు. ఆవిడ మాత్రం పల్చటి తోలు బూట్లతో, కిందికి చూడకుండా, మడమా మునివేళ్లూ మార్చి మార్చి మంద్రస్వరాలు వాయిస్తూ పోయింది.

వసూలైన డబ్బు దిక్కులేని కుక్కల, పిల్లుల ఆశ్రమానికి. అందుకని ఆ రోజు కుక్కల్నీ లోపలికి రానిచ్చారు. ఆర్గాన్ మీది అద్దంలో హాలు కనిపిస్తుంది. అతి మంద్రమైన పెడల్ స్వరం మోగగానే ఓ ముసలి కుక్క లేచి నిలబడి, నేలను వాసన చూసి, మళ్లీ పడుకుంది. చెక్కనేల అదిరింది మరి, దానికి కాళ్లలోంచే వినపడి ఉండాలి.

ఆ రోజు బాఖ్ 'గొర్రెలు నిశ్చింతగా మేస్తాయి' పాటను ఆర్గాన్ మీద వాయించారు. వినడానికి అహింసాగీతంలా అనిపించే ఈ పాట 1713 ప్రాంతంలో వేటంటే ప్రాణమిచ్చే ఓ జర్మన్ ప్రభువు పుట్టినరోజు కోసం రాసింది. ష్వైట్జర్ సభకు ఇది అనుకోకుండా బాగా కుదిరిందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆయన దయలోనూ ఇలాంటి చిక్కుముడే ఉంది.

మీ రెండో ప్రశ్నకు ఇక్కడికొస్తాను. 1915 సెప్టెంబర్‌లో గాబన్‌లోని ఒగోవే నది మీద పడవలో వెళ్తూ, పొద్దుగూకే వేళ నీటి గుర్రాల గుంపు మధ్యగా సాగుతున్నప్పుడు 'జీవం పట్ల భక్తి' అన్న మాట ఆయనకు తట్టింది. తర్వాతి జీవితమంతా దాని చుట్టూనే తిరిగింది. ఆసుపత్రి కట్టడానికి స్తంభాలు దింపే ముందు గోతుల్లోకి తొంగిచూసి, కప్పలూ చీమలూ పడి ఉంటే తీయించేవారు. పెలికాన్ పక్షుల్ని సాకారు. మరి పెలికాన్ బతకాలంటే చేపలు చావాలి కదా! డాక్టరుగా రోజూ క్రిముల్ని చంపాలి కదా! ఈ ప్రశ్నను ఆయన దాచలేదు. ఒక ప్రాణం కోసం ఇంకో ప్రాణం తీస్తే ఆ బాధ్యత నాదే, అవసరం లేనిచోట తీయకూడదు అన్నారు. నాకు నచ్చేది ఇదే. మన భారతీయ చింతన గురించి ఆయన ఓ పుస్తకమే రాశారు, అందులో అహింస గురించీ ఉంది. ఆ అహింస లోకానికి దూరంగా ఉండాలన్న ఆలోచనలోంచి పుట్టిందని విమర్శించారు కూడా. దాంతో నేను పూర్తిగా ఏకీభవించను.

సంగీతంలోనూ ఆయనది అదే తీరు. కొత్త ఫ్యాక్టరీ ఆర్గాన్ల మోత ఆయనకు గిట్టేది కాదు. పాతవాటిని తీసేయకుండా బాగుచేయించమని ఊరూరా ఉత్తరాలు రాసేవారు. స్ట్రాస్‌బర్గ్ సెయింట్ థామస్ చర్చిలో సిల్బర్మన్ అనే ఆర్గాన్ తయారీదారు 1741లో చేసిన ఆర్గాన్ నిలవడంలో ఆయన చెయ్యి ఉంది. ఆఫ్రికాలో మనుషుల్ని, యూరప్‌లో ముసలి ఆర్గాన్లను కాపాడుతుంటాడని స్నేహితులు ఆటపట్టించేవారట.

అలాగని దేవుణ్ణి చేసేయక్కర్లేదు. ఆఫ్రికన్లను తమ్ముళ్లన్నారు గానీ తాను అన్ననన్న పెత్తనం వదల్లేదు, ఆ విమర్శ న్యాయమైనదే. 1952 సంవత్సరానికి వచ్చిన నోబెల్ శాంతి బహుమతి డబ్బును కుష్ఠురోగుల పల్లెకు పెట్టారన్నదీ అంతే నిజం.

కచేరీకి వెళ్లే వీలు లేకపోతే ఆయన వాయించిన రికార్డులే వినండి. 1930లలో లండన్‌లో, స్ట్రాస్‌బర్గ్‌లో చేసినవి ఉన్నాయి, 1950ల మొదట్లో గున్స్‌బాక్ చర్చిలో చేసినవీ ఉన్నాయి. బాఖ్‌ను చాలా నిదానంగా వాయిస్తారు, ఇప్పటివాళ్ల వేగానికి అలవాటుపడ్డ చెవికి మొదట్లో విసుగ్గానే ఉంటుంది. చిన్న కోరేల్ ప్రెల్యూడ్‌లతో (చర్చి కీర్తనల మీద అల్లిన చిన్న రచనలు) మొదలుపెట్టండి, పెద్ద ఫ్యూగుల (ఒకే స్వరమాల ఒకదాని వెంట ఒకటిగా అల్లుకునే రచనలు) జోలికి తర్వాత వెళ్లొచ్చు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, పెడల్ స్వరాలు అసలే వినపడవు.