అమ్మ సంస్మరణ సభలో నేనేం మాట్లాడాలి?

ప్రశ్న: మాది నల్లగొండ. మా అమ్మ ఇక్కడి విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించేది. పోయినేడు భాద్రపదంలో గుండెపోటుతో చనిపోయింది. పెత్రమాసకు (భాద్రపద అమావాస్యకు) మూడు రోజుల ముందు సంవత్సరీకం. ఆమె విద్యార్థులు సంస్మరణ సభ పెట్టి నన్ను మాట్లాడమంటున్నారు. వాళ్లంతా ‘మేడమ్ మాకు తల్లి’ అంటుంటే నాకు ఏడుపుకు బదులు కోపం వస్తున్నది. నా మొదటి కాన్పు నొప్పులు మొదలైన రోజున ఆమె ఒక విద్యార్థి పీహెచ్‌డీ మౌఖిక పరీక్షకు వెళ్లి రాత్రికి గాని రాలేదు. ఆ సంగతి ఆమెను ఎన్నడూ అడగలేకపోయాను. వంటింటి అరల నిండా ఫ్లోరైడ్ పరీక్ష కోసం ఆమె తెచ్చి ఊళ్ల పేర్లు రాసిన నీళ్ల సీసాలు, ఇంటి నిండా కాగితాలు ఉన్నాయి. అన్నీ తీసేద్దామని బాపు అంటున్నారు. ఉద్యోగానికి పోతున్నాను, పాపను చూసుకుంటున్నాను గానీ మనసు కుదుట పడడం లేదు. నేను చెడ్డ కూతురినా?

జవాబు: కాదు. మన దిక్కున మొదటి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. ఆ నొప్పుల వేళ తల్లి చేయి కోసం వెతుక్కోవడం కంటే సహజమైన కోరిక ఇంకొకటి లేదు. ఆ రోజు మీరు ఒంటరిగా ఉన్నారన్నది నిజం, ఆ బాధ న్యాయమైనది. మీ అమ్మగారు ఎంత గొప్ప అధ్యాపకురాలైనా ఆ ఒక్క రోజు లెక్క దానితో చెల్లిపోయిందని నేను అనను. అయితే మౌఖిక పరీక్ష అంటే బయటి విశ్వవిద్యాలయం నుంచి పరీక్షకులు వస్తారు, తేదీ ముందే ఖరారై ఉంటుంది, పర్యవేక్షకురాలు రాకపోతే కొన్నేళ్లు కష్టపడిన విద్యార్థి మళ్లీ ఎదురుచూడవలసి వస్తుంది. ఇది ఆమె తరఫున వాదన కాదు. ఆ పగలంతా ఆమె మనసు కూడా రెండుగా చీలి ఉండవచ్చని మీ ముందు పెడుతున్నానంతే. రాత్రి వచ్చిన తరువాత ఆమె ఏం చేశారో, ఆ బాలింత రోజుల్లో మీ పక్కన ఎట్లా ఉన్నారో మీరు రాయలేదు. అది మీకు మాత్రమే తెలుసు. కోపం ఆ పగటి దగ్గరే ఆగిపోయిందేమో, ఆ రాత్రిని కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక విద్యార్థుల మాట. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఏర్పడక ముందు ఇక్కడ ఉన్నది ఉస్మానియా వారి పీజీ కేంద్రమే. అందులో సీటు రాని వాళ్లు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు పోవలసి వచ్చేది. దేవరకొండ, మునుగోడు పల్లెల నుంచి ఇంట్లో మొట్టమొదటిసారిగా ఎమ్మెస్సీ దాకా వచ్చిన ఆడపిల్లకు, ‘మేడమ్ ఉన్నారు, భయం లేదు’ అని ఆమె తండ్రి నమ్మడానికి మీ అమ్మగారి వంటి మనిషి ఒకరు కావలసి ఉండేది. కాబట్టి వాళ్లు ‘తల్లి’ అన్నప్పుడు మీ హక్కును గుంజుకోవడం లేదు. వాళ్లు చూసింది తరగతి గదిలోని మనిషిని. అక్కడ సగం శక్తి ఖర్చయిన తరువాత ఇంటికి చేరిన మనిషిని చూసింది మీరు. మీ వాటాకు అలసట ఎక్కువగా వచ్చింది, అది కష్టమే.

ఆ సీసాలను మాత్రం తొందరపడి పారవేయనివ్వకండి. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది పుస్తకంలో ఒక అంకె కావచ్చు గానీ, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు తాగి వంగిపోయిన కాళ్లను, బిగుసుకుపోయిన నడుములను చూసిన జిల్లాలో అది ఇంటింటి కథ. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందిస్తే దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు నిలిచింది. మీ వంటింట్లో ఊరి పేరుతో ఉన్న ఒక్కొక్క సీసా వెనుక ఆ ఊరి బోరింగు దగ్గర నిలబడ్డ మీ అమ్మగారు ఉన్నారు. నీళ్లు నిల్వ ఉంచనవసరం లేదు. వాటి లెక్కలు రాసిన పుస్తకాలను ఆ పని కొనసాగిస్తున్న శిష్యులకు అప్పగించండి, పాఠ్యగ్రంథాలను గ్రంథాలయానికి ఇవ్వండి, ఆమె చేతిరాత ఉన్నదేదైనా ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. అంతకంటే ముందు బాపుతో కూర్చోండి. ఖాళీ కుర్చీని, ఆ కాగితాలను పొద్దస్తమానం చూస్తున్నది ఆయనే. తీసేద్దామనడం ఆమెను మరవడానికి కాదని, ఆ చూడలేనితనాన్ని నోరు తెరిచి చెప్పలేక అట్లా అంటున్నారని నాకు అనిపిస్తున్నది.

సభలో కాన్పు సంగతి చెప్పవద్దని నా సలహా. అది అమ్మతో మీరు తేల్చుకోవలసిన మాట. ఆమెకు ఉత్తరం రాయండి, మర్యాద కోసం ఒక్క మాటా తగ్గించకుండా రాయండి, ఎవరికీ చూపకండి. సభలో అయిదు నిమిషాలు చాలు. పచ్చడి జాడీలకు చోటు లేకుండా చేసిన ఆ సీసాల గురించి చెప్పండి; వాటి మీద మీకు వచ్చిన విసుగును కూడా చెప్పండి, అది శిష్యులెవ్వరికీ తెలియని మేడమ్‌ను వాళ్లకు చూపిస్తుంది. కాగితం మీద రాసుకొని చదవండి. గొంతు పూడుకుపోతే ఆగండి, ఎవరూ తప్పు పట్టరు.

పనులు సాగుతున్నాయంటున్నారు కనుక నేను భయపడడం లేదు. కానీ నిద్ర పూర్తిగా పోయినా, బతకడం మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

సంవత్సరీకం తరువాత మూడో రోజు పెత్రమాస. పొద్దున పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే ఆ రోజే, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పోయినేడు ఆ ఇంట్లో బతుకమ్మను పేర్చి ఉండరు. ఈసారి పాపను తీసుకొని బాపు దగ్గరికి వెళ్లండి. బియ్యం ఇచ్చేటప్పుడు అమ్మ పేరు పాప చేత కూడా చెప్పించండి, ఆ తరువాత తంగేడు, గునుగు తెచ్చుకొని ఆమె ఎట్లా పేర్చేదో మీకు గుర్తున్నట్టుగా పేర్చండి.