ఫిట్స్ వస్తే నోటి జోలికెళ్ళొద్దు, టైం చూడండి

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్తే. మాది పర్లాకిమిడి. మొన్న గుణుపురంలో మా పిన్ని వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాం, బంతి భోజనాల దగ్గర మా మరిది ఉన్నట్టుండి కళ్ళు తేలేసి, ఒళ్ళు కొయ్యబారిపోయి పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట్లోంచి నురగ. ఎవరో తాళాల గుత్తి చేతిలో పెట్టారు, ఇంకొకరు ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపించారు, మా మావయ్య గారేమో నాలుక మింగేస్తాడని పళ్ళ మధ్య స్పూను దూర్చారు, పన్ను విరిగి ఒకటే రక్తం. రెండు నిమిషాలకి ఆగింది. తాళాల వల్లే ఆగిందంటున్నారు, నిజమేనా? ఇంతకుముందెప్పుడూ రాలేదు. లేచి బాగానే ఉన్నాడని హాస్పిటల్‌కి తీసుకెళ్ళలేదు.

జవాబు: ముందు ఆ ఆఖరి మాట గురించి చెప్తానమ్మా. మొదటిసారి ఫిట్స్ వచ్చినవాళ్ళని బాగానే ఉన్నా చూపించాల్సిందే. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రో శ్రీకాకుళం పెద్దాసుపత్రో, మీకేది వీలైతే అక్కడికి ఈ వారంలోనే తీసుకెళ్ళండి, పన్ను కూడా చూపించండి. స్కాన్ రాస్తారు. మన దేశంలో ఫిట్స్‌కి ఒక ముఖ్య కారణం బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి మెదడులో తిత్తులు కట్టడం. పంది మాంసం తినేవాళ్ళకే అనుకోకండి, సరిగ్గా కడగని పచ్చికూరల ద్వారా శాకాహారులకీ వస్తుంది, మందులున్నాయి.

ఇక తాళాలు. చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి, ఈలోపు చేతిలో ఏది పెడితే దానికి పేరొస్తుంది, అంతే. ఇనుముకీ ఉల్లిపాయకీ దానికీ ఏ సంబంధం లేదు. నాలుక మింగడం అనేది జరగనే జరగదు, మహా అయితే పక్కన కొరుక్కుంటారు, అది మానుతుంది. స్పూను పెడితే పన్ను విరుగుతుంది, ముక్క గొంతులోకి జారితే ఊపిరికే మోసం. వేలు పెడితే వేలే పోతుంది.

మళ్ళీ వస్తే ముందు టైం చూడండి. తల కింద కండువా మడతపెట్టి పెట్టండి, కళ్ళజోడు తీసేసి మెడ దగ్గర బొత్తాలు వదులు చెయ్యండి, దగ్గర్లో బల్ల, వేడి సాంబారు గిన్నె లాంటివుంటే అవి జరపండి గానీ మనిషిని ఈడ్చకండి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోవద్దు, పట్టుకుంటే ఆగవు సరికదా భుజం జారొచ్చు. కొట్టుకోవడం తగ్గగానే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఎడమా కుడా అని చూడక్కర్లేదు, నురగ బయటికి కారిపోవాలి, అదీ పాయింటు. బట్టల్లో మూత్రం పోయుండొచ్చు, ఓ దుప్పటి కప్పి చుట్టూ మూగిన జనాన్ని పంపించెయ్యండి. మెలకువొచ్చాక కూడా కాసేపు తికమకగా ఉంటాడు, మిమ్మల్నే గుర్తుపట్టకపోవచ్చు. పూర్తిగా తెలివొచ్చి మాట్లాడేదాకా మంచినీళ్ళు, కాఫీ, మాత్ర ఏవీ వద్దు.

5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే రెండోసారి వచ్చినా, ఊపిరి సరిగ్గా ఆడకపోయినా, తలకి దెబ్బ తగిలినా 108కి ఫోన్ చెయ్యండి, ఒడిశాలోనూ అదే నంబరు. గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్ళయితే 5 నిమిషాలు కూడా ఆగొద్దు.

ప్రశ్న: మా తమ్ముడు ఫిట్స్‌కి మాత్రలు వాడుతున్నాడు, వంశధారలో స్నానానికి వెళ్తానని ఒకటే గొడవ. పంపొచ్చా? – గుణుపురం నుంచి ఒక అన్నయ్య

జవాబు: ఒంటరిగా వద్దు. ఈత బాగా వచ్చి, అతన్ని లాక్కురాగలిగేవాళ్ళు పక్కనే ఉంటే, డాక్టరు సరేనంటే వెళ్ళొచ్చు, అదీ లోతు లేనిచోటే. నీళ్ళలో ఫిట్స్ వస్తే ముందు తల పైకెత్తి పట్టుకోవాలి, గట్టుకి తెచ్చాక బాగానే ఉన్నాడనిపించినా హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి, ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయుండొచ్చు. మాత్రలు ఒక పూట కూడా మాననివ్వకండి, తగ్గిపోయిందని సొంతంగా ఆపేసి మళ్ళీ తెచ్చుకునేవాళ్ళే ఎక్కువ. ఫిట్స్ ఎక్కువసేపు ఉండే మనిషైతే ఫిట్స్‌ని ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే గురించి డాక్టర్ని అడగండి, ఆయన రాస్తే ఇంట్లో ఒకటి, అతని బ్యాగులో ఒకటి ఉంచండి, ఎప్పుడు ఎలా కొట్టాలో ఇంట్లో ఇద్దరైనా నేర్చుకుని ఉండాలి.