విరాళం ఎవరికి ఇవ్వాలి? రుషికుల్య ఒడ్డున పెరిగినవాడిగా నా మాట

చదువు, వన్యప్రాణులు, వైద్య పరిశోధన: ఈ మూడింటిలో దేనికి విరాళమిస్తే డబ్బు వృథా కాదని అడిగారు. దేనికైనా ఇవ్వండి. కానీ ఇచ్చే ముందు ఆ సంస్థవాళ్ళని ఒక్కటి అడగండి: "గెస్టు రాని రోజు మీరేం చేస్తారు?" ఇలా ఎందుకంటున్నానో చెప్తాను.

మాది ఒడిశాలోని గంజాం జిల్లా, రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. నాన్న చేపల వేటకి వెళ్ళేవాడు. మా ఒడ్డుకి సముద్రపు తాంబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పేపర్లవాళ్ళు ఆలివ్ రిడ్లీ అని రాసేది వీటినే. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. తల్లి వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్ళిపోతుంది. యాభై రోజులు అటూ ఇటుగా, రాత్రి ఇసుక చల్లబడ్డాక పిల్లలు బయటికొస్తాయి. ఎటు వెలుతురుంటే అటు పాకుతాయి. పూర్వం చీకట్లో కాస్త వెలుగుగా కనిపించేది సముద్రమే. ఇప్పుడు ఊళ్ళ లైట్లు చూసి వెనక్కి తిరిగి, కుక్కల నోట పడుతున్నాయి. అందుకే మా కుర్రాళ్ళు పాత వల ముక్కలు అడ్డంగా కట్టి, అక్కడ ఆగిన పిల్లల్ని బకెట్లలో ఏరి, నీళ్ళ అంచున వదిలేవారు. జీతం లేదు, టీ కూడా సొంత డబ్బులతోనే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పట్నం నుంచి ఒక సంస్థవాళ్ళు బ్యానరు, కెమెరాలు పట్టుకుని వచ్చారు. ఆ రాత్రి మేము ఏరిన పిల్లల్ని రెండు టబ్బుల్లో వేయించి, పెద్దమనిషి వస్తున్నారు, ఆయన చేత్తో వదిలిద్దాం, అన్నారు. అప్పుడు టైము మూడు. ఐదైంది, తెల్లారింది, ఏడైంది. పిల్లలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతుంటే ప్లాస్టిక్ మీద వాన చినుకుల్లా ఒకటే చప్పుడు. ఎండ ఎక్కేకొద్దీ ఆ చప్పుడు తగ్గిపోయింది. నాకది ఇప్పటికీ వినిపిస్తుంది. నాన్న ఆ సంస్థవాళ్ళ దగ్గరికెళ్ళి, "ఒగ్గేయండి బాబూ, ఆటి కడుపులో ఉన్న బలం ఈదడానికే, టబ్బులో తిరగడానికి కాదు" అన్నాడు. "ఐదే నిమిషాలు" అన్నారు. ఎనిమిది దాటాక కారొచ్చింది. పైన గద్దలు తిరుగుతున్నాయి. ఫొటోలు తీసుకున్నారు, చప్పట్లు కొట్టారు, పావుగంటలో వెళ్ళిపోయారు. కదలకుండా ఉండిపోయిన పిల్లల్ని నాన్న తువ్వాల్లో వేసుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో చాలాసేపు నిలబడ్డాడు. కొన్ని కదిలాయి. అన్నీ కాదు.

నాన్న బడికి పోలేదు, కానీ చెప్పింది నిజమే. గుడ్డులోంచి పొట్టలోకి తీసుకున్న పచ్చసొన బలమే ఆ పిల్లలకి మొదటి ఈతకి ఆధారం. దాన్ని ఫొటో కోసం టబ్బులో ఖర్చు పెట్టించారు. వాళ్ళ పుస్తకంలో ఆ ఉదయం "ఇన్ని వందలు కాపాడాం" అని ఎక్కే ఉంటుంది. దాతలు చదివేది ఆ పుస్తకమే.

ఇంకొక బాధ కూడా ఉంది. తాంబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా మా నది మొగ ఎదుట తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట బంద్. ఉండాల్సిందే, కాదనను. తాంబేలు ఊపిరికి పైకి రావాలి, ట్రాలరు (పెద్ద మర పడవ) వలలో ఇరుక్కుంటే మునిగి చస్తుంది. కానీ ఆ ఏడు నెలలు చిన్న పడవవాడి ఇంట్లో ఏముంటుంది? ప్రభుత్వం ఇచ్చేది చాలక మగాళ్ళు సూరత్‌కో, కేరళకో వెళ్ళిపోతారు. నా క్లాసులో నలుగురు పదో తరగతి దాటలేదు. తెలుగులో మాట్లాడే పిల్లాడికి ఒడియా పాఠం అర్థం కాకపోతే ఇంట్లో చెప్పేవాళ్ళూ లేరు. అదే ఒడ్డున తాంబేలు పేరు మీద డబ్బు వస్తుంటే అందులో కొంత ఆ ఇళ్ళ పిల్లల ట్యూషనుకి పోకూడదా? చదువు సంస్థ వేరు, జంతువుల సంస్థ వేరు అంటారు. మా ఊళ్ళో అవి ఒకే ఇంటి సమస్యలు.

వైద్య పరిశోధన అంటే ఖరీదైన ల్యాబే కానక్కర్లేదు. మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ 39 పల్లెల్లో ఊరి ఆడవాళ్ళకే పసిబిడ్డ ఊపిరి లెక్కపెట్టడం, జబ్బు గుర్తుపట్టి మందివ్వడం నేర్పింది. పసిబిడ్డల చావులు బాగా తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఈరోజు ఊరి ఆశా వర్కరు అక్క బాలింత ఇంటికొచ్చి బిడ్డ బరువు చూస్తోందంటే దాని వెనక ఆ పల్లెలున్నాయి. వాళ్ళు అక్కడే కాపురముండి చేశారు. నేను నమ్మేది అలాంటివాళ్ళనే.

నేనైతే ఏటా మార్చి నెలలో మా ఊరి కుర్రాళ్ళకి టార్చి బ్యాటరీలకీ, కొత్త బకెట్లకీ పంపిస్తాను. జూన్‌లో అదే ఒడ్డున ఇద్దరు పిల్లల ట్యూషను ఫీజు కడతాను. రసీదు ఇవ్వరు. కానీ రాత్రి రెండింటికి ఫోను చేస్తే ఒడ్డు మీదే ఉంటారు.