ఈట్ బులగాకి అంత సీనుందా? దావావ్‌లో దాని ముందు కూర్చుని అన్నం తిన్నవాడి జవాబు

ప్రశ్న ఇదీ: "ఫిలిప్పీన్స్‌లో ఈట్ బులగా అనే షో 1979 నుంచి వస్తూనే ఉందట, ఈమధ్య ఆ పేరు కోసం కోర్టుకు కూడా ఎక్కారట. మధ్యాహ్నం పూట వచ్చే ఒక గేమ్ షోకి అంత సీనుందా?"

ఉంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం నా సొంత గోల చెప్పుకోవాలి, ఓపిక పట్టండి.

2014లో ఎంబీబీఎస్ చదవడానికి ఫిలిప్పీన్స్‌లోని దావావ్ అనే ఊరికి వెళ్లాను (అక్కడ ఇచ్చే డిగ్రీ పేరు ఎండీ, కానీ ఊళ్లో అలా చెబితే "అప్పుడే పీజీ కూడా అయిపోయిందా నాయనా" అంటారు, అందుకని మేమంతా ఎంబీబీఎస్ అనే చెప్పుకుంటాం). మొదటి ఏడాది హాస్టల్లో గడిపి, తర్వాత ఇంకో ఇద్దరు ఖమ్మం కుర్రాళ్లతో కలిసి ఒక ఇంటి మేడ మీద గది తీసుకున్నాం. కింద ఇంటావిడ ఉండేది. అక్కడ పెద్దవాళ్లని "టీటా" అంటారు, మన ఆంటీ లాగా. ఆ టీటా నన్ను మొదటిరోజే "డోంగ్, డోంగ్" అని పిలిచింది. ఇంకా అడ్వాన్స్ కూడా ఇవ్వకముందే దొంగ అంటోందేమిటా అని గుండె ఝల్లుమంది. అక్కడి బిసాయా భాషలో కుర్రాళ్లని ఆప్యాయంగా అలా పిలుస్తారని తెలిసేదాకా రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను.

టీటా ఇంటి ముందు గదిలో కరిందేరియా నడిపేది. మన కర్రీ పాయింట్ అనుకోండి, కాకపోతే కూర్చుని తినడానికి నాలుగు బల్లలు ఉంటాయి, గిన్నెల మూతలు తీసి చూసి మనకి కావలసింది వేయించుకోవచ్చు. శుక్రవారం పెసలకూర వండేది, మోంగో అంటారు. అందులో పంది ముక్కలు వేసేముందే మా ముగ్గురికీ ఒక గిన్నె పక్కకి తీసి పెట్టేది, ఆ గిన్నె కోసం నేను శుక్రవారం ల్యాబ్ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చిన రోజులున్నాయి. సరే, అసలు విషయం ఏమిటంటే ఆ గదిలో గోడకి ఒక టీవీ ఉండేది. పన్నెండు కొట్టేసరికి దానిలో ఈట్ బులగా మొదలయ్యేది, సోమవారం నుంచి శనివారం దాకా, లైవ్‌లో, రెండున్నర గంటల దాకా. జీప్నీ (మన షేర్ ఆటో లాంటి బండి) డ్రైవర్లు, పక్కనున్న సెలూన్ వాళ్లు, మాలాంటి స్టూడెంట్లు, అందరి చెంచాలూ ప్లేట్లో ఉంటే కళ్లు మాత్రం గోడ మీద.

పేరులోనే ఆ సంగతి ఉంది. ఈట్ అంటే ఇంగ్లీషులో తినడమే, భోజనాల వేళ వస్తుంది కాబట్టి. బులగా అంటే చంటిపిల్లల ముందు మొహం దాచుకుని ఉన్నట్టుండి బయటపెట్టి "భౌ" అంటామే, ఆ దోబూచులాట. ఆ పేరు పెట్టింది జోయ్ డి లియోన్. ఆయన, టీటో సోట్టో, టీటో తమ్ముడు విక్ సోట్టో, ఈ ముగ్గురినీ కలిపి టీవీజే అంటారు. 1979 జులై 30న ఆర్‌పీఎన్ 9 ఛానల్లో మొదలుపెట్టారు. అప్పటికి మధ్యాహ్నాలకి రాజు జీఎంఏ ఛానల్లో వచ్చే స్టూడెంట్ క్యాంటీన్, దానితోనే పోటీపడి గెలిచారు. 1989లో ఏబీఎస్-సీబీఎన్‌కి మారారు, 1995లో జీఎంఏకి మారారు. ఛానల్ మారినప్పుడల్లా జనం కూడా మూటాముల్లె సర్దుకుని వెంట వెళ్లారు, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

మన దగ్గర పాడుతా తీయగా లాంటివి ఏళ్ల తరబడి వచ్చాయి, ఒప్పుకుంటాను, కానీ అవి వారానికి ఒకసారి. ఈటీవీలో సుమ గారి స్టార్ మహిళ ఉందే, పగటిపూట ఆడవాళ్లని పిలిచి ఆటలాడించేది, దానికి కాస్త దగ్గరగా ఉంటుంది ఈట్ బులగా. కాకపోతే ఆటతో పాటు డాన్స్, పాటలు, అందాల పోటీలు, పిల్లల పోటీలు, వీధి నాటకం, డబ్బు పంచడం అన్నీ ఒకే పళ్లెంలో వడ్డిస్తారు. టీటో సోట్టో ఈ షో మొహంతోనే 1992లో సెనేట్‌కి (అక్కడి పార్లమెంటులో ఎగువ సభ) పోటీచేస్తే దేశం మొత్తం మీద అందరికన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి, తర్వాత 2018లో సెనేట్ ప్రెసిడెంట్ కూడా అయ్యాడు. సినిమా వాళ్లు సీఎంలయిన ఊరి నుంచి వచ్చాను కాబట్టి నాకది పెద్ద వింతగా అనిపించలేదు. టీటాకి ఎన్టీఆర్ గారి కథ చెబితే "మీకూ ఉన్నారన్నమాట" అని నవ్వింది.

టీవీలో మాట్లాడే అక్కడి భాష టగలాగ్‌ని నాకు నేర్పింది ఈ షోనే. ఇందులో పినోయ్ హెన్యో అని ఒక ఆట ఉంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు, ఒకరి నుదుటి మీద ఒక మాట రాసి ఉంటుంది, అది ఎదుటివాళ్లకి కనిపిస్తుంది, పెట్టుకున్నవాళ్లకి కనిపించదు. వాళ్లు ప్రశ్నలు అడుగుతూ పోవాలి, ఎదుటివాళ్లు మూడే మాటలు చెప్పాలి: ఓఓ అంటే అవును, హిందీ అంటే కాదు, పువేదే అంటే కావచ్చు. టైము రెండు నిమిషాలు. చూసేవాళ్లకి జవాబు ముందే తెలుసు, నుదుటి మీద జవాబు పెట్టుకున్నవాడికే తెలియదు, అందుకే కరిందేరియా మొత్తం టీవీ మీదకి అరుస్తూ ఉండేది. "హిందీ, హిందీ" అని వాళ్లు అరుస్తుంటే మొదటివారం నేను మన హిందీ భాష గురించేమో అనుకున్నాను.

ఒక ఆదివారం కరిందేరియా మూసేశాక టీటా నన్ను కూర్చోబెట్టి నా నుదుటికి ఒక అట్టముక్క అంటించింది. సెలూన్ కుర్రాడు ఫోన్లో టైము పెట్టాడు. నేను మొదలుపెట్టాను, మనిషా, హిందీ. తినేదా, హిందీ, అని కాస్త ఆగి పువేదే. జంతువా, ఓఓ! నాలుగు కాళ్లా, ఓఓ. పెద్దదా, ఓఓ. నల్లగా ఉంటుందా, ఓఓ ఓఓ అని బల్ల మీద కొట్టింది. పాలిస్తుందా అన్నాను. టీటా ఒక్క క్షణం ఆలోచించి, మొహం అదోలా పెట్టి "పువేదే..." అంది. ఆ సాగదీసిన పువేదే నన్ను ముంచింది. పాలు ఇస్తే ఇచ్చే, లేకపోతే లేదు అన్నట్టు చెబితే ఇంక గేదె ఎందుకవుతుంది? ఏనుగు దగ్గరికి వెళ్లాను, గుర్రం దగ్గరికి వెళ్లాను, టైమైపోయింది. అట్టముక్క తీసి చూస్తే కలబావ్, అంటే గేదె. వాళ్లకి గేదె అంటే పొలం దున్నేది, బండి లాగేది, పాలు దాని సంగతుల్లో ఎక్కడో చివర వస్తాయి. మనకేమో పాల తర్వాతే ఏదైనా. "పాలు ఇవ్వని గేదె ఏం గేదె టీటా" అని నేను, "డోంగ్, నీకు పొలం ఎవరు దున్నుతారు" అని ఆవిడ, చీకటి పడేదాకా అదే గొడవ.

2015 జులై సంగతి మాత్రం కళ్లారా చూడకపోతే నమ్మేవాణ్ని కాదు. పాటలకి, మాటలకి పెదాలు కదుపుతూ వీడియోలు చేసి పేరు తెచ్చుకున్న మేన్ మెండోజా అనే అమ్మాయిని షోలోకి తీసుకుని, యాయా డబ్ అని పనమ్మాయి వేషం వేశారు. అస్సలు నవ్వకూడని పాత్ర. 16వ తేదీన స్టూడియోలో ఉన్న కుర్ర నటుడు ఆల్డెన్ రిచర్డ్స్ మొహం స్క్రీన్ సగంలో కనిపించేసరికి బయట ఎక్కడో ఉన్న ఆ పిల్ల నిజంగానే సిగ్గుపడి నవ్వేసింది. అంతే. అది స్క్రిప్టులో లేదు, కానీ మర్నాటి నుంచి అదే స్క్రిప్టు అయిపోయింది. ఇద్దరూ ఒకే చోట కలవరు, స్క్రీన్ చెరి సగం, పాటల ముక్కలతోనూ కాగితం మీద రాసి చూపించడంతోనూ ప్రేమించుకుంటారు. మధ్యలో లోలా నిడోరా అనే బామ్మ (వాలీ బయోలా అనే నటుడు వేసిన ఆడవేషం) "తగిన సమయం వచ్చేదాకా ఆగండి" అని అడ్డుపడుతుంది. ఆ ఏడాది అక్టోబర్ 24న బులకాన్‌లోని ఫిలిప్పీన్ ఎరీనాలో ఆ "తగిన సమయం" పెట్టారు. 55 వేల సీట్ల హాలు నిండిపోయింది, ఆ ఒక్కరోజు దాని మీద 4 కోట్లకు పైగా ట్వీట్లు పడ్డాయి, టికెట్ల డబ్బుతో బడులకు లైబ్రరీలు కట్టిస్తామన్నారు. ఆరోజు శనివారం, కరిందేరియాలో టీటా అన్నం వండింది కానీ వడ్డించలేదు. ఎవరికి కావలసింది వాళ్లే పెట్టుకుని, డబ్బులు డబ్బాలో వేసి వెళ్లారు. వాళ్ల భాషలో కిలీగ్ అని ఒక మాట ఉంది, ఎవరి ప్రేమో చూసి మన కడుపులో చక్కిలిగింత పుట్టడం. యాభై ఎనిమిదేళ్ల ఆవిడ కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని దిండు కొరుకుతుంటే ఆ మాటకి అర్థం నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

అన్నీ నచ్చాయని కాదు. సుగోద్ బహాయ్ అని ఇంకో భాగం ఉండేది, "ఇంటికి దూసుకెళ్లు" అన్నమాట. రోజూ ఒక బస్తీకి వెళ్తారు, అక్కడ జనం వాడేసిన ప్లాస్టిక్ సీసాలు తెచ్చి పేరు రాయించుకుంటారు (ఆ సీసాలతో బడి కుర్చీలు చేయించేవారు, అది మంచి ఆలోచనే), స్టూడియోలో పేరు తీస్తారు, హోస్టులు ఆ సందుల్లో పడి ఆ ఇంటికి వెళ్లి డబ్బు, సామాను ఇచ్చి కష్టాలు అడుగుతారు. గెలిచినావిడ ఏడుస్తుంది, హోస్టు జోకేస్తాడు, మళ్లీ ఏడుస్తుంది. పేదరికాన్ని భోజనంలోకి నంజుకోవడంలా ఉండేది నాకు. ఈ మాటే ఒకసారి టీటాతో అంటే, "ఆ అమ్మాయి రోజూ ఏడుస్తుంది డోంగ్, ఇవాళ ఒక్కరోజే ఫ్రిజ్ వచ్చింది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. ఇలాంటి షోల మీద అక్కడి జనం పెట్టుకునే ఆశ ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంకో పాత సంగతి ఉంది. దీనికి పోటీగా వచ్చిన వొవొవీ మొదటి వార్షికోత్సవానికని 2006 ఫిబ్రవరి 4న పాసిగ్‌లో స్టేడియం బయట వేలమంది గుమిగూడితే, కొందరైతే ముందే వచ్చి అక్కడే పడుకున్నారు, తొక్కిసలాట జరిగి 70 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లే.

ఇక కోర్టు సంగతి. షో తీసేది టేప్ అనే కంపెనీ, దానిలో పెద్ద వాటా టీవీజేది కాదు, జలోస్‌జోస్ కుటుంబానిది. 2023లో యాజమాన్యానికీ ఈ ముగ్గురికీ చెడింది. మే 31న ఛానల్లో పాత ఎపిసోడ్ వేశారు, వీళ్లేమో ఆన్‌లైన్లో లైవ్ పెట్టి కంపెనీకి సెలవు చెప్పేశారు, మిగతా హోస్టులు కూడా వెంట నడిచారు. నేను అప్పటికి ఇండియా వచ్చేసి మూడేళ్లు. జూన్ 5 నుంచి జీఎంఏలో అదే పేరుతో కొత్త మొహాలు వచ్చాయి. టీటాకి వీడియో కాల్ చేస్తే "ఇల్లు నాదే, కానీ లోపల ఎవరో అద్దెకు దిగారు" అంది. జులై 1న పాతవాళ్లు టీవీ5లో (మన తెలుగు టీవీ5 కాదండోయ్, వాళ్లది వేరు) ఈ.ఏ.టి. అని పేరులో సగంతో మొదలుపెట్టారు. అంటే ఆరు నెలలపాటు ఒక ఛానల్లో పేరుంది, ఇంకో ఛానల్లో మనుషులున్నారు. టీటా రిమోట్ ఎటు నొక్కిందో మీరే ఊహించుకోండి.

2023 డిసెంబర్‌లో అక్కడి మేధో సంపత్తి కార్యాలయం టేప్ పేరు మీదున్న ట్రేడ్‌మార్క్‌ని రద్దు చేసింది. 2024 జనవరి 5న మరికీనా కోర్టు కూడా టీవీజే వైపే తీర్పిచ్చింది. మర్నాడే టీవీ5లో షో పేరు మళ్లీ ఈట్ బులగా అయింది, జీఎంఏలో ఉన్నది పేరు మార్చుకుని, మార్చికల్లా మూతబడింది. ఏప్రిల్‌లో ఆ సమయంలోకి ఇట్స్ షోటైమ్ వచ్చింది, అది 2009లో ఏబీఎస్-సీబీఎన్‌లో పుట్టిన షో, చాలా ఏళ్లుగా వీళ్లకి అసలు పోటీ అదే. ఈ ఛానల్ షో ఆ ఛానల్లో ఎలా వచ్చిందనేది పెద్ద కథ, అదింకో ప్రశ్న అడగండి, రాస్తాను.

చూడాలనుకుంటే యూట్యూబ్‌లో దొరుకుతుంది, వాళ్ల పన్నెండు మనకి తొమ్మిదిన్నర కాబట్టి లైవ్ చూస్తే టిఫిన్ టైము అవుతుంది. మొదట పినోయ్ హెన్యో ముక్కలు పెట్టుకోండి. సబ్‌టైటిల్స్ కోసం వెతక్కండి. తావో మనిషి, హాయోప్ జంతువు, పగ్కాయిన్ తిండి, లుగార్ చోటు, బగాయ్ వస్తువు, వీటికి ఓఓ, హిందీ, పువేదే కలుపుకుంటే ఆట నడిచిపోతుంది. గేదె వస్తే మాత్రం పాల ప్రశ్న అడక్కండి.