ఆ మాత్రల డబ్బా సంగతి ముందు తేల్చుకోండి

మారతహళ్ళి నుంచి రాసిన సోదరికి,

మీ ఉత్తరం చదివి నాకు చాలా కోపమొచ్చింది. మీ మీద కాదులెండి. మీవారు బెంగళూరులో స్టాండప్ కామెడీ చేస్తారు. బైపోలార్ జబ్బుతో, అంటే కొన్నాళ్ళు విపరీతమైన హుషారు, కొన్నాళ్ళు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బుతో గడిపిన ఏళ్ళను పుస్తకంగా రాసి, అచ్చుకిచ్చే ముందు చదవమని మీ చేతికిచ్చారు. పెళ్ళికి ముందే ఆయన మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్‌లో చూపించుకున్నారనీ, రోజూ రాత్రి భోజనాలయ్యాక అత్తగారు కాల్షియం డబ్బాలోంచి తీసిచ్చేది ఆ జబ్బుకు వాడే లిథియం మాత్ర అనీ అది చదివితేగాని మీకు తెలియలేదు. కాపురానికొచ్చి ఆరేళ్ళు! ఇంత రాసి, చివరికి మీరడిగింది, ఒంగోలు చుట్టాలు నవ్వుతారు, ఆ అధ్యాయం తీసేయమని చెప్పొచ్చా అని.

చెప్పకండి. ఆ బాధ ఆయన పడ్డది, ఆయనే రాసుకుంటారు. మీ గురించి రాసిన మాటలు నచ్చకపోతే వాటి వరకు అడగండి. చుట్టాలు రెండు పెళ్ళిళ్ళ దాకా మాట్లాడుకుని ఊరుకుంటారు.

నాకు మింగుడుపడనిది మీ అత్తగారి వ్యవహారం. దాచి పెళ్ళి చేయడం తప్పే. కొడుక్కి సంబంధం రాదేమోనన్న భయం అర్థమవుతుంది. కానీ పెళ్ళయ్యాక కూడా ఆ డబ్బా ఆవిడ బీరువాలోనే ఎందుకుండాలి? దీపికా పదుకోన్ 2015లో తన డిప్రెషన్ గురించి బయటికి చెప్పినప్పుడు, ముందు పసిగట్టి వైద్యసాయం తీసుకోమన్నది అమ్మేనని చెప్పింది. ఆమెదీ బెంగళూరే. తల్లి ప్రేమంటే అలా ఉండాలి.

కిందటేడు ఆయన మోకాలి నొప్పికి మీరు వారం రోజులు ఐబుప్రొఫెన్ ఇచ్చారని మామూలుగా రాసేశారు. అక్కడ నా గుండె ఆగినంత పనైంది. లిథియం వాడేవాళ్ళకు ఆ మాత్ర ఇస్తే రక్తంలో లిథియం పెరిగిపోవచ్చు. వాంతులు, విరేచనాలయి ఒంట్లో నీరు తగ్గినా అంతే. చేతులు బాగా వణకడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అందుకే డాక్టర్లు అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయిస్తారు. ఇవేవీ తెలియకుండా ఆరేళ్ళు ఆయనకు వండి పెట్టారు మీరు.

ఇంకోటి. ఈ జబ్బు మళ్ళీ తిరగబెట్టే ముందు చాలామందికి మొదట నిద్ర తగ్గుతుంది. షో అయ్యాక అర్ధరాత్రి ఇంటికొచ్చి తెల్లవారుజామున మూడింటికి కూడా గదిలో పచార్లు చేస్తుంటే చూసేదెవరు? పక్క గదిలో పడుకున్న అత్తగారా? డాక్టరుకు కావలసిన కబురు మీ దగ్గరుంది. మిమ్మల్ని మాత్రం ఒక్కసారీ వెంట తీసుకెళ్ళలేదు. ఇల్లాలికి ఇంతకంటే అవమానం ఏముంటుందమ్మా?

ఈ ఆదివారం ఆయన ఎదుటే అత్తగారిని అడగండి. గొంతు పెంచకండి. "ఇన్నాళ్ళు మీరు చూసుకున్నారు అత్తయ్యా, ఇక మీతోపాటు నేనూ చూసుకుంటాను" అనండి. డబ్బా, చీటీలు, పాత రిపోర్టులు మీరూ ఆయనా తీసుకునేచోట ఉండాలి. చెప్పకుండా దాచినందుకు ఆయనా మీకు జవాబు చెప్పాలి, అది మీరిద్దరూ విడిగా కూర్చున్నప్పుడు. ఈసారి డాక్టరు దగ్గరికి మీరూ వెళ్ళండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద, తన తరఫున మాట్లాడే మనిషిని ఆయనే ఎంచుకోవచ్చు, తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. అక్కడ మీ పేరు రాయమనండి. ఏ రాత్రయినా భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

పుస్తకం ఊసు మాత్రం ఆ ఆదివారం ఎత్తకండి.