కాలువ పనికి వెళ్తున్న మేనల్లుడికి

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

హంద్రీ–నీవా బ్రాంచి కాలువ పనికి నిన్ను వేశారని అక్క చెప్పగానే సంతోషించాను. శ్రీశైలం నీళ్లు మన చెరువుల్లోకి రావాలని ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఊళ్లే, కాలువ తమ పొలాల మీదుగా వెళ్తుందనగానే అడ్డం తిరుగుతాయి. దాన్ని మొండితనమని తీసిపారేయవద్దు నాయనా.

పెద్ద తగాదాలన్నీ వంకల దగ్గరే వస్తాయి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మొరవ (అలుగు) పారితేనే కింది చెరువు నిండుతుంది. ఆ దారికి అడ్డంగా కాలువ కట్ట పడుతుందంటే, ఒక్క సెంటు భూమి కూడా పోని రైతు సైతం తన ఆయకట్టు ఎండుతుందన్న భయంతో వచ్చి యంత్రం ముందు నిలబడతాడు. అందుకే అండర్ టన్నెల్, అంటే కాలువ కింద నుంచి వంక నీళ్లు పోయే దారి, ఎక్కడ, ఎంత వెడల్పున కట్టాలో ఖరారయ్యేలోపే డ్రాయింగు చేతపట్టుకుని, నీటి సంఘం వాళ్లను, తరతరాలుగా తూము చూసుకునే నీరుగంటిని వెంటబెట్టుకుని వంక పొడవునా నడువు. పెద్ద వానకు నీళ్లు ఎంతవరకు ఎక్కాయో వాళ్లు చెట్టు మొదలు చూపించి చెబుతారు. అక్కడ లెవెల్ తీసి (ఎత్తు కొలిచి), నీ లెక్కతో సరిచూసి, తేడా కనబడితే పై అధికారులకు రాతపూర్వకంగా పంపు.

భూమి ధర గురించి మాత్రం నోరు జారవద్దు, అది రెవెన్యూ వారి పని. అయితే 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోగా అభ్యంతరం చెప్పుకోవచ్చని, భూసేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమినే నమ్ముకుని బతికిన కౌలుదారులు, కూలీలు కూడా బాధిత కుటుంబాల్లోకి వస్తారని ఊరికి తెలిసేలా చూడు. మామిడి చెట్ల లెక్కను రైతు, ఉద్యాన శాఖ అధికారి ఇద్దరూ ఉండగానే రాయించి, ఇద్దరి సంతకాలూ తీసుకో.

బండ పేల్చేముందు దగ్గరి ఇళ్ల గోడలకు ఉన్న బీటలను యజమాని ఎదుటే ఫొటో తీయించు, బోర్లలో నీటిమట్టం రాయించు. ఈ ఖర్చుకు కాంట్రాక్టరు గొణిగినా వినవద్దు.

రైల్వే, విద్యుత్ శాఖల అనుమతులకు కాగితాలు తొందరగా పెట్టు, అంతే.

పని ఆగిన రోజున పోలీసు బందోబస్తు కోసం ఒత్తిడి వస్తుంది. ముందు తహశీల్దారును ఊళ్లోకి తీసుకెళ్లి, అందరి ఎదుట అభ్యంతరాలు రాయించి, దేనికి ఎవరు ఏ తేదీలోగా జవాబివ్వాలో అదే కాగితం మీద పెట్టి, దాని నకలు పంచాయతీ కార్యాలయంలో అంటించు. ఆ తేదీ దాటనివ్వకుండా చూసుకోవడం నీ బాధ్యత.

మీ మామయ్య