సెల్టిక్ ప్రాంతాలన్నిటికీ కలిపి ఒకే జెండా ఉందా?

కాలేజీ పోస్టర్ మీద పెట్టడానికి ఒకే సెల్టిక్ జెండా కావాలని అడిగారు. అందరూ ఒప్పుకున్నది అలాంటిదేదీ లేదు. కొందరు ఉమ్మడి జెండాలు గీశారు గానీ అవి జనంలోకి పెద్దగా వెళ్లలేదు. సెల్టిక్ అనే ఒకే భాషా కుటుంబం మూలాలున్న ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్, కార్న్‌వాల్, ఐల్ ఆఫ్ మాన్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ... ఈ ఆరింటి జెండాలనూ పక్కపక్కన ఎగరేయడమే అక్కడి పద్ధతి.

నేను ఫ్రాన్స్‌లోని రెన్‌లో చదువుకునేటప్పుడు, ఆగస్టులో లోరియాన్‌లో జరిగే ఇంటర్‌సెల్టిక్ ఉత్సవానికి వెళ్లాను. 1971లో మొదలైన ఉత్సవం అది. బ్యాగ్‌పైప్ బృందాల పరేడ్ సాగుతుంటే ఎటు చూసినా బ్రిటనీ నలుపు తెలుపు జెండాలే. పక్కన నిలబడ్డ ఓ పెద్దాయన తన చేతి జెండా విప్పి చారలు లెక్కపెట్టించాడు. అయిదు నల్లవి, నాలుగు తెల్లవి, బ్రిటనీలోని తొమ్మిది పాత బిషప్ ప్రాంతాలకు గుర్తు. ఒక నల్ల చార మీద వేలు పెట్టి "ఇది నాంత్" అన్నాడు. ఆ ఊరు ఇప్పుడు బ్రిటనీ రీజియన్‌లో లేదు, పక్క రీజియన్‌లో ఉంది. ఆయన లెక్కలో మాత్రం అది బ్రిటనీదే!

ఈ జెండాలు అంత పాతవనుకోకండి. బ్రిటనీది మోర్వన్ మార్షల్ అనే ఆర్కిటెక్ట్ 1920లలో గీసినది. వేల్స్ డ్రాగన్ గుర్తు పాతదే అయినా, ఇప్పుడున్న జెండాకు అధికారిక గుర్తింపు 1959లోనే వచ్చింది. అసలు వీళ్లందరినీ ఒక కుటుంబం చేసింది భాషలు. వాటి పోలికలను వేల్స్ పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్ 1707లో వివరంగా చూపించాడు. అందుకే స్పెయిన్‌లోని గలీసియా, అస్తూరియాస్ దగ్గర పేచీ వస్తుంది. లోరియాన్‌లో వాటి జెండాలూ ఎగురుతాయి, కానీ అక్కడ ఇప్పుడు సెల్టిక్ భాష లేదు కాబట్టి సెల్టిక్ లీగ్ అనే సంస్థ ఆరింటినే లెక్కలోకి తీసుకుంటుంది. నాకైతే లోరియాన్ వాళ్ల ధోరణే నచ్చింది. పండక్కి వచ్చినవాళ్లను గుమ్మంలో ఆపి భాష అడుగుతామా?

మీ పోస్టర్‌కు ఆరు జెండాలూ పెట్టేయండి. కార్న్‌వాల్‌ది నలుపు మీద తెల్ల శిలువ. బ్రిటనీ పాత జెండా తెలుపు మీద నల్ల శిలువ, ఆ రెండూ తారుమారు కాకుండా చూసుకోండి. స్కాట్లండ్‌కు నీలం మీద తెల్లటి ఏటవాలు శిలువ. బ్రిటన్ జెండా యూనియన్ జాక్ జోలికి మాత్రం పోవద్దు, వేల్స్‌కు అందులో చోటే లేదు.